చీపురు ఎవరి చేతిలో?

గడిచిన వైశాఖ పున్నమి నాడు జంషెడ్‌పూర్‌లో ఒక ఉపాసకుని ఇంటి డాబా మీద మేము యాభై మంది దాకా కూడాం. త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకున్నాం. పిల్లలు బాబాసాహెబ్ గురించి మాట్లాడారు. సమానత్వం అనే మాట ఆ సాయంత్రం ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. భోజనాలయ్యాయి. మగపిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని కిందికి దిగిపోయారు. ఆడపిల్లలు, ఎవరూ చెప్పకుండానే, కుళాయి దగ్గర అంట్ల ముందు కూర్చున్నారు. పెద్దవాళ్ళం కుర్చీల్లో కూర్చుని ధమ్మ చర్చ చేసుకుంటున్నాం.

ఆ తర్వాతి ఆదివారం పిల్లల తరగతిలో మేము ఒక పట్టిక రాసి గోడకు అంటించాం. గది ఊడవడం, మంచినీళ్ళ బిందె నింపడం, గ్లాసులు కడగడం, చాపలు మడత పెట్టడం. ఆడ, మగ తేడా లేకుండా పేర్లు వరసగా రాశాం. మొదటి వారం చీపురు పదకొండేళ్ళ ఒక అబ్బాయి వంతు వచ్చింది. వాడు ఊడవడం మొదలుపెట్టాడో లేదో, గుమ్మంలో కూర్చున్న వాడి మామ్మ లేచి వచ్చి చేతిలో చీపురు లాక్కుంది. ఆమె ముప్పై ఏళ్ళు ఊళ్ళో వీధులు ఊడ్చిన మనిషి. "నాను పట్టిన సీపురు సాల్దేటి బాబూ? మల్లీ ఈడి సేతికిస్తారా? దీనికేనా బౌద్ధంలోకి వొచ్చింది?" అంది.

మేము న్యాయశాస్త్రం చదువుకున్నవాళ్ళం. సెక్షన్లు చెప్పగలం. కానీ ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేకపోయాం. ఆమె అడిగింది ఒక్క పిల్లవాడి సంగతి కాదు. పిల్లలకు ఇంటి పని అప్పగిస్తే బాధ్యత అలవడుతుందని పుస్తకాలూ, బడులూ, టీవీలో పెద్దలూ చెబుతుంటారు. తరతరాలుగా పని తప్ప మరేమీ అప్పగించబడని మన జాతికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? చీపురు పట్టడం నేర్పడం అంటే మళ్ళీ పాత చోటికే తోయడమా? ఈ ప్రశ్నకు జవాబు కోసం మేము చరిత్రలోకి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ మాకు కనిపించినదాన్ని పాఠకుల ముందు పెడుతున్నాం.

ఉక్కు ఊరికి వచ్చిన మనవాళ్ళు

1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడింది. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె దగ్గర కార్ఖానా లేచింది. 1912లో మొదటి ఉక్కు బయటికి వచ్చింది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది, కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట గంజాం, విశాఖపట్నం జిల్లాల మనుషులు కొందరు ఖరగ్‌పూర్ వర్కుషాపులకు, కొందరు ఇక్కడి కొలిమిలకు వచ్చారు. కద్మా, సోనారి, గోల్మురి, టెల్కో ప్రాంతాల్లో ఈనాటికీ తెలుగు మాట వినబడుతుంది.

ఈ ఊరికి కార్మిక చరిత్రలో ఒక గౌరవం ఉంది. ఇక్కడ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. 1917లో కార్మికుల పిల్లలకు చదువు ఏర్పాటు చేశారు. 1921లో టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. దేశం మొత్తానికి వారానికి 48 గంటల పని చట్టమైంది 1946లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిలులో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు. తండ్రి ఎనిమిది గంటలకు ఇంటికి వస్తే పిల్లవాడికి తండ్రి దొరుకుతాడు. పన్నెండు గంటలకు వస్తే ఆ పిల్లవాడే ఇంటికి పెద్ద అవుతాడు. పిల్లల బాధ్యత గురించి మాట్లాడేవాళ్ళు పెద్దల పనిగంటల సంగతి మరిచిపోకూడదు.

అదే కాలంలో దేశ చట్టం పిల్లల్ని ఎలా చూసిందో గమనించండి. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళు నిండిన పిల్లవాడిని రోజుకు తొమ్మిది గంటలు పని చేయించుకోవచ్చంది. 1891లో ఆ వయసు తొమ్మిదికి, 1922లో పన్నెండుకు పెరిగింది. అంటే సాక్చిలో తొలి ఉక్కు పొంగిన ఏడాది తొమ్మిదేళ్ళ పిల్లవాడు కార్ఖానా గేటు దాటి పనికి వెళ్ళడం ఈ దేశంలో నేరం కాదు. పద్నాలుగేళ్ళ హద్దు రావడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది.

రైలు మనుషుల్ని మాత్రమే మోసుకు రాలేదు. కులాన్ని కూడా మోసుకు వచ్చింది. పట్టణం ఏదైనా, కొలిమి దగ్గర ఎవరు నిలబడాలి, కాలువల్లో ఎవరు దిగాలి అన్నది చాలావరకు పుట్టుకే తేల్చింది. ఉత్తరాంధ్ర పట్టణాల్లో రెల్లి వారికి, ఉత్తర భారతంలో వాల్మీకులకు చీపురు వారసత్వంగా దక్కింది. 1916 నాటి సంయుక్త రాష్ట్రాల మునిసిపాలిటీల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆనవాయితీగా పాకీ పని చేసేవాడు ఆ పని సరిగా చేయకపోతే మేజిస్ట్రేటు జరిమానా వేయవచ్చంది. ఇంకెవరైనా పని మానుకుంటే కూలి పోతుంది. వీరు మానుకుంటే శిక్ష పడుతుంది. మామ్మ మాటల వెనక ఇంత చరిత్ర ఉంది.

మన పిల్లలు మోసిన బరువు

బాబాసాహెబ్ తన బాల్యం గురించి రాసిన కొద్ది పుటల్లో ఇంటి పని ప్రస్తావన ఉంది. చాలామంది దాన్ని గమనించకుండా దాటిపోతారు. సతారాలో వారి ఇంట్లో బట్టలు ఉతికేది అక్కలు. ఊళ్ళో చాకలివాళ్ళు లేక కాదు, డబ్బు ఇవ్వలేక కాదు. అంటరానివారి బట్టలు చాకలి ముట్టడు కాబట్టి. జుట్టు కత్తిరించేది కూడా పెద్దక్కే. మంగలి కత్తి అంటరానివారి తల మీద పెట్టడు కాబట్టి. తమ్ముళ్ళ తలలు కత్తిరించీ కత్తిరించీ ఆమె చెయ్యి తిరిగిన మనిషి అయిందట. బడిలో కూర్చోవడానికి చిన్న భీమారావు ఇంటి నుంచి గోనెసంచి తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాడు. బడి ఊడ్చే నౌకరు ఆ గోనెను ముట్టుకోడు. నీళ్ళు తాగాలంటే బంట్రోతు కుళాయి తిప్పాలి. బంట్రోతు లేని రోజు దాహమే.

ఇది బాధ్యత నేర్పిన పెంపకమా? ఆ అక్క ఎంత బాధ్యత గల అమ్మాయో మనకు తెలుస్తూనే ఉంది. కానీ ఆమె ఆ కత్తెర ఎంచుకోలేదు. కులం ఆమె చేతిలో పెట్టింది. అక్కలు ఉతికిన బట్టలు కట్టుకుని, అక్క కత్తిరించిన తలతో తమ్ముడు బడికి వెళ్ళాడు. ఆ తమ్ముడే తర్వాత రాజ్యాంగం రాశాడు. ఆయన విజయం గురించి చెప్పేటప్పుడు ఆ అక్కల చేతుల గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి.

ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా బర్లా గ్రామంలో పుట్టిన హిందీ రచయిత ఓం ప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథ 'జూఠన్'లో ఇంకో చీపురు గురించి చెప్పారు. 1997లో వచ్చిన పుస్తకం అది. బడిలో చేరిన పిల్లవాడిని ప్రధానోపాధ్యాయుడు తరగతిలో కూర్చోనివ్వకుండా ఆవరణ అంతా ఊడవమన్నాడు. ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు అటుగా వెళ్తున్న తండ్రి చూశాడు. కొడుకు చేతిలోంచి చీపురు లాగి విసిరేశాడు. బడి మీదికి గొంతెత్తి నిలదీశాడు. జంషెడ్‌పూర్ మామ్మ చేసింది కూడా అదే కదా. ఆమె ఆ పుస్తకం చదివి ఉండదు. చదవవలసిన అవసరం కూడా ఆమెకు లేదు.

మన తెలంగాణ పల్లెల్లో దీనికి వెట్టి అని పేరు. దొర గడీలో ఇంటికొక మనిషి వంతున పని చేయాలి. పెద్దవాళ్ళ అప్పు కింద పిల్లవాడు దొర ఇంట్లో జీతం ఉండాలి. పశువులు కాయడం, పేడ తీయడం, నీళ్ళు మోయడం, పిల్లల్ని ఎత్తుకోవడం. ఇవన్నీ ఇంటి పనులే. ఇల్లు మాత్రం వాడిది కాదు. బ్రిటిష్ ఇండియాలో 1933లో పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని చట్టం వచ్చింది. వెట్టి చాకిరీని దేశవ్యాప్తంగా రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఈ రెంటి మధ్య నలభై మూడేళ్ళ కాలంలో ఎన్ని తరాల పిల్లలు దొడ్డిలోనే పెరిగి పెద్దయ్యారో!

పనితో చదువు: రెండు ప్రయోగాలు

పని ద్వారా పిల్లలకు చదువు, బాధ్యత నేర్పాలన్న ఆలోచన మన దేశంలో రెండుసార్లు పెద్ద ఎత్తున ముందుకు వచ్చింది. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని కేంద్రంగా విద్య అన్నారు. జాకిర్ హుసేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. రాట్నం, మగ్గం, తోటపని బడిలోకి వచ్చాయి. అందరు పిల్లలూ ఒకే పని చేయాలన్నంత వరకు అందులో మంచి ఉంది. కానీ అదే గాంధీగారు పాకీ పనిని పవిత్ర సేవగా పొగిడినప్పుడు బాబాసాహెబ్ ఊరుకోలేదు. కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారో చెబుతూ 1945లో ప్రచురించిన గ్రంథంలో ఆ పొగడ్తను తీవ్రంగా ఖండించారు. పుట్టుకతో అంటగట్టిన పనిని గొప్పదని కీర్తిస్తే ఆ మనిషి అందులోంచి బయటపడే దారి మూసుకుపోతుంది.

రెండోది 1953లో వచ్చింది. మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి పల్లెల్లోని ప్రాథమిక బడుల సమయాన్ని రోజుకు మూడు గంటలకు కుదించారు. మిగతా సమయం పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. ఆ పథకం మొదలైన జూన్ నాటికి మన ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న ఏర్పడింది. పైకి చూస్తే పథకం బాగానే ఉంటుంది. ఇంటి పని, శ్రమ గౌరవం, తల్లిదండ్రుల దగ్గర నేర్చుకోవడం. కానీ ప్లీడరు కొడుకు మధ్యాహ్నం ప్లీడరీ నేర్చుకుంటాడు, పాకీ పని చేసేవాడి కొడుకు ఏం నేర్చుకుంటాడు? పెరియార్ దానికి కులవిద్య అని పేరు పెట్టి పోరాడారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే పథకం రద్దయింది.

ఈ రెండు ప్రయోగాల నుంచి మేము నేర్చుకున్నది ఒకటే. పని మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. అది ఎవరికి, ఏ లెక్కన, దేనికి బదులుగా ఇస్తున్నారో చూడాలి. తండ్రి పని కాబట్టి కొడుక్కి ఇస్తే అది కులం. బడికి బదులు ఇస్తే అది దోపిడీ. ఆడపిల్ల కాబట్టి ఇస్తే అది కులానికి తోబుట్టువు.

రాహులుని చీపురు

ఇక తథాగతుని దగ్గరికి వద్దాం. సిద్ధార్థుని కొడుకు రాహులుడు ఏడేళ్ళ వయసులో సంఘంలో చేరాడని సంప్రదాయం. మనవడు కూడా వెళ్ళిపోయాడని శుద్ధోదనుడు దుఃఖపడితే, ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాడికీ ప్రవ్రజ్య ఇవ్వరాదని బుద్ధుడు నియమం చేశాడు. బుద్ధుడు అంతటివాడు ఒక తాత కన్నీళ్ళు చూసి తన సంఘం నియమం మార్చాడు. మామ్మ కోపాన్ని మేము తేలిగ్గా తీసుకోకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

మహావగ్గలోనే ఇంకో ముచ్చట ఉంది. ఒక కుటుంబం మొత్తం జబ్బుతో పోయింది, ఇద్దరు పసివాళ్ళు మిగిలారు. పదిహేనేళ్ళు నిండని పిల్లల్ని సంఘంలో చేర్చుకోరాదన్న నియమం అప్పటికే ఉంది. ఆనందుడు ఏం చేయాలని అడిగాడు. వాళ్ళు కాకుల్ని తోలగలరా అని బుద్ధుడు అడిగాడు. తోలగలరన్నాడు ఆనందుడు. అయితే చేర్చుకోవచ్చన్నాడు. వయసు లెక్క పక్కన పెట్టి, పిల్లవాడి చేతనైన ఒక చిన్న పనిని కొలతగా తీసుకున్నాడు. కాకుల్ని తోలడం కన్నా తేలిక పని ఏముంటుంది? అయినా అది ఆ పిల్లలకు సంఘంలో చోటు ఇచ్చింది.

రాహులుని గురించి జాతక అట్ఠకథలో ఇలా ఉంది. భిక్ఖువులు ఆ పిల్లవాణ్ణి పరీక్షించాలని, వాడు వచ్చే దారిలో చీపురో, ఊడ్చిన చెత్తో పడేసి, ఇది ఎవరు పడేశారని అడిగేవారట. ఇటు వెళ్ళింది రాహులుడే కదా అని ఒకరనేవారు. నాకు తెలియదు అని రాహులుడు వాదించేవాడు కాదు. దాన్ని తీసి చోటున పెట్టి క్షమించమని అడిగి వెళ్ళేవాడు. ఒకప్పుడు రాజ్యానికి వారసుడు కావలసిన పిల్లవాడు. ఈ కథను వినయానికి ఉదాహరణగా చెబుతారు. మాకు మాత్రం ఇందులో కొంచెం బాధ కూడా ఉంది. పెద్దవాళ్ళు పరీక్ష పేరుతో పిల్లల్ని ఇలా ఆడించడం మంచిదేనా? మన ఇళ్ళలో అలా చేయకూడదనే మేమంటాం.

బుద్ధుడు స్వయంగా రాహులునికి నేర్పిన తీరు వేరు. మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఇంటి పనితోనే మొదలవుతుంది. తండ్రి వస్తున్నాడని చూసి రాహులుడు ఆసనం వేస్తాడు, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెడతాడు. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని పాత్రలో కొంచెం నీళ్ళు మిగులుస్తాడు. ఆ కొంచెం నీళ్ళు చూపించి, పారబోసి, పాత్రను బోర్లించి అబద్ధం గురించి చెబుతాడు. తర్వాత అద్దం ఎందుకు అని అడుగుతాడు. చూసుకోవడానికి అంటాడు రాహులుడు. అలాగే ఏ పనినైనా చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత మూడుసార్లు చూసుకోమంటాడు. ఇది నాకు హాని చేస్తుందా, ఇతరులకు చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా? తప్పు జరిగితే దాచకుండా పెద్దలతో చెప్పుకో, ఇకపై జాగ్రత్తపడు. మంచి జరిగితే సంతోషంగా ఉండు, ఇంకా సాధన చెయ్యి. కొట్టడం లేదు, బహుమతి ఆశ చూపడం లేదు. పిల్లవాడు పెట్టిన నీళ్ళే వాడికి పాఠం అయ్యాయి. అశోకుడు బైరాట్ శాసనంలో భిక్ఖువులూ, ఉపాసకులూ తరచుగా వినవలసిన వాటి జాబితా ఇస్తూ రాహులునికి చెప్పిన ఈ ఉపదేశాన్ని కూడా చేర్చాడు. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి బండ మీద చెక్కించి సిఫారసు చేసిన పిల్లల పెంపకం పాఠం ఇది.

అన్నం ఎక్కడి నుంచి వస్తుంది?

ధమ్మపద అట్ఠకథలో శాక్య యువకుల సంభాషణ ఒకటి ఉంది. అన్నం ఎక్కడి నుంచి వస్తుంది అని ప్రశ్న. గాదెలోంచి అన్నాడు కింబిలుడు. ఉడికే కుండలోంచి అన్నాడు భద్దియుడు. బంగారు గిన్నెలోంచి అన్నాడు అనురుద్ధుడు. పొలం గానీ, దంచే రోకలి గానీ ఎవరి కంటా పడలేదు. అంత సుకుమారంగా పెరిగారు.

వీరు సంఘంలోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో చుల్లవగ్గ చెబుతుంది. వెంట వచ్చిన మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇవ్వమని వారే కోరారు. తమ అహంకారం అణగాలని, అతనికి తామే నమస్కరించాలని. తర్వాత గోసింగ సాలవనంలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కలిసి ఉంటున్నప్పుడు బుద్ధుడు చూడటానికి వెళ్ళాడు. ఎలా కలిసి ఉంటున్నారు అని అడిగాడు. భిక్ష నుంచి ముందు వచ్చినవారు ఆసనాలు వేసి, నీళ్ళు పెడతారు. చివర వచ్చినవారు అంతా తీసి, భోజనశాల ఊడుస్తారు. మంచినీళ్ళ కుండ గానీ, మరుగుదొడ్డి నీళ్ళ కుండ గానీ ఖాళీగా కనిపిస్తే ఎవరు చూస్తే వారే నింపుతారు. ఒక్కరికి బరువైతే చేసైగతో ఇంకొకరిని పిలుస్తారు. ఇదీ అనురుద్ధుడు చెప్పిన జవాబు. బంగారు గిన్నెలోంచి అన్నం వస్తుందనుకున్న మనిషే ఈ మాట చెబుతున్నాడు. ఇందులో వంతులు లేవు, పురమాయించేవాడు లేడు. ఎవరి కంటికి కనిపిస్తే వారే చేస్తారు. బాధ్యత అన్న మాటకు ఇంతకన్నా మంచి అర్థం మాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇప్పుడు సునీతుణ్ణి తలుచుకోండి. థేరగాథల్లో తన మాటల్లోనే కనిపిస్తాడు. వాడిన పువ్వులు, చెత్త ఎత్తేవాడు. జనం అసహ్యించుకునేవారు. బుద్ధుడు దారిలో కలిసి, రా భిక్ఖూ అని పిలిచి చేర్చుకున్నాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో సునీతుని కథకు ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. మనం సాధారణంగా కథను అక్కడ ఆపేస్తాం. సునీతుడు చీపురు వదిలాడు, గౌరవం పొందాడు అని. కానీ విహారంలో చెత్త పడటం ఆగలేదు కదా. వినయపిటకంలోని వత్తాల ప్రకారం గది ఊడవడం, పక్క దులపడం, నీళ్ళు నింపడం, మరుగుదొడ్డి శుభ్రం చేయడం భిక్ఖువులందరి పని. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్ఖువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి పడుకోబెట్టిన సంగతి మహావగ్గలో ఉంది. సునీతుడు వచ్చిన రోజున సంఘంలో చీపురు మాయం కాలేదు. అది సునీతుడి ఒక్కడిదే కాకుండా పోయింది. శాక్య రాజకుమారుని చేతికీ, మంగలి చేతికీ, సునీతుని చేతికీ ఒకే చీపురు.

విశాఖ దగ్గర తొట్లకొండకు ఆ పేరు కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. అక్కడ తవ్వకాల్లో విహారాలతో పాటు వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. జంషెడ్‌పూర్‌కు వచ్చిన మన కుటుంబాలు చాలా వరకు ఆ చుట్టుపక్కలవే. ఆ కొండల మీద ఒకప్పుడు కులం అడగకుండా నీళ్ళు నింపినవాళ్ళు ఉన్నారు. తర్వాత అదే నేల మీద నుయ్యి దగ్గరికి మనల్ని రానివ్వని కాలం వచ్చింది. మన పిల్లలకు ఈ రెండూ తెలియాలి.

చట్టం గీసిన గీత

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 24వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదంది. 2002లో చేర్చిన 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. బాల కార్మిక చట్టం 1986లో వచ్చింది. 2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోరాదని చెప్పింది. అయితే బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ పనిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు చదివినప్పుడు మాకు 1953 గుర్తుకు వచ్చింది. కుటుంబ పని అంటే ఈ దేశంలో చాలా ఇళ్ళలో కులవృత్తే.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని ఇక్కడ తలుచుకోవాలి. శాంతా సిన్హాగారు దానికి సారథి. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వారి సూత్రం. ఈ మాట వల్ల ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని, వంట చేస్తూ బడి మానేసిన ఆడపిల్ల మొదటిసారి లెక్కలోకి వచ్చింది. అంతకు ముందు ఆమెను అందరూ బాధ్యత గల పిల్ల అనేవారు. ఎవరూ కార్మికురాలు అనలేదు.

బడుల విషయం కూడా చెప్పాలి. అందరు పిల్లలూ తమ తరగతి తాము శుభ్రం చేసుకుంటే అది శిక్షణ. అందులో మన పిల్లల్ని మాత్రమే లేపి మరుగుదొడ్డి కడగమంటే అది వివక్ష. అప్పుడు తల్లిదండ్రులు మొహమాటపడకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, విద్యాహక్కు చట్టం ఉంది. బర్లా గ్రామంలో ఆ తండ్రి చేతిలో ఈ చట్టాలు లేవు. మన చేతిలో ఉన్నాయి.

మన ఇళ్ళలో

దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థులకు ఇరువైపుల బాధ్యతలు చెప్పాడు. పిల్లలు తల్లిదండ్రుల పనుల్లో చేయి కలపాలి. తల్లిదండ్రులు పిల్లల్ని చెడు నుంచి ఆపాలి, మంచి వైపు నడపాలి, విద్య నేర్పించాలి. అదే సుత్తంలో పనివారికి బలాన్ని బట్టి పని ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, సమయానికి విశ్రాంతి ఇవ్వాలి అన్నాడు. పనివారికి ఇంత చెప్పినప్పుడు కన్న పిల్లలకు ఇంతకన్నా తక్కువ ఇవ్వడం ధమ్మం కాదు.

చరిత్రనూ, చట్టాన్నీ, ధమ్మాన్నీ పక్కపక్కన పెట్టుకుని మేము పిల్లల పనికి కొన్ని నియమాలు రాసుకున్నాం. పని పిల్లల బలానికి సరిపోవాలి. ఆరేళ్ళ వాడు తన చెప్పులు వరసలో పెట్టుకుంటే చాలు, పదేళ్ళకు బియ్యం ఏరగలడు, పన్నెండేళ్ళకు తన బట్టలు ఉతుక్కోగలడు. బడికీ, చదువుకీ, ఆటకీ అది అడ్డు రాకూడదు. అన్నకూ చెల్లికీ ఒకే పని రావాలి. అన్నం తిన్న పళ్ళెం ఎవరిది వారు కడగాలి, నాన్నతో సహా. పనిని శిక్షగా వేయకూడదు. తప్పు చేశావు కాబట్టి ఇల్లు ఊడువు అంటే, ఊడవడం నీచమని మనమే నేర్పినట్టు. అన్నిటికీ మించి, పెద్దలు చేయని పని పిల్లలకు చెప్పకూడదు.

ఈ చివరి నియమం మాకు మామ్మ నేర్పింది. మేము గోడకు అంటించిన మొదటి పట్టికలో అన్నీ పిల్లల పేర్లే. పెద్దవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఎవరు ఎవరికి చీపురు ఇస్తున్నారో చూసిన వెంటనే ఆమెకు అర్థమైంది. చదువుకున్నవాళ్ళం, మాకు అర్థం కాలేదు.

ఆ పట్టిక చించేశాం. కొత్త పట్టికలో మొదటి నెల చీపురు మా పెద్దవాళ్ళది. వకీలు, బ్యాంకు ఉద్యోగి, కార్ఖానాలో రిటైరైన ఫోర్‌మన్, అందరమూ మగవాళ్ళమే. అంట్లు తోమే వంతు కూడా మాదే. ఫోర్‌మన్‌గారికి చీపురు పట్టడం రాదు. దుమ్ము ముందుకు కాక తన కాళ్ళ మీదికే ఊడ్చుకున్నాడు. ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. మామ్మ గుమ్మంలోనే కూర్చుని చూస్తోంది. కాసేపటికి "అలాక్కాదు బాబూ, వొంగి పట్టాల" అని అక్కడి నుంచే చెప్పింది. చీపురు మాత్రం తాను ముట్టుకోలేదు. ముట్టుకోమని మేమూ అనలేదు. ముప్పై ఏళ్ళు ఊడ్చిన మనిషికి ఆ హక్కు ఉంది.

ఐదో వారం పిల్లల పేర్లు వచ్చాయి. ఆమె మనవడి పేరు మధ్యలో ఎక్కడో ఉంది. తన వంతు రోజు వాడు మామ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఇష్టంగా ఊపిందని మేము చెప్పలేం. "ఆళ్ళందరూ తుడిసేరు గదా, నువ్వూ తుడు" అంది. వాడు గది ఊడ్చి, చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని పుస్తకం తీశాడు.

ఉపాసకులారా, మన ఇంటి గోడ మీద ఒక పట్టిక రాసుకుందాం. అందులో మొదటి పేరు ఇంటి పెద్దది ఉండాలి, రెండోది కొడుకుది. కూతురి పేరు చివరికి రావాలి, ఆమె ఇప్పటికే చాలా చేసింది. చీపురు మనకు అంటగట్టిన చరిత్రను పిల్లలకు దాచవద్దు. అది అందరి చేతికీ వెళ్ళిన సంఘం చరిత్రను కూడా చెబుదాం. బిందె ఖాళీగా కనిపిస్తే, ఎవరి వంతు అని అడగకుండా నింపే పిల్లలు మన ఇళ్ళలో పెరిగితే, గోడ మీది పట్టిక అవసరం ఒక రోజుకు తీరిపోతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.